న్యాయ సలహా: మా అమ్మాయి శబరిమల వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. మాల వేసుకుని, 41 రోజుల దీక్ష పట్టి శబరిమల వెళ్తానంటోంది. సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా అని దాని వాదన. మా మామగారు గురుస్వామి. ఆచారం ముందు కోర్టు తీర్పులు చెల్లవంటున్నారు. చట్టప్రకారం ఎవరి మాట నిలుస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: మీ మామగారి మాట ఆ రూపంలో నిలవదు. చట్టబలం ఉన్న ఆచారాన్నీ వాడుకనూ రాజ్యాంగం 13వ అధికరణంలో చట్టం కిందే లెక్కవేసింది కనుక, అవి ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే ఆ మేరకు చెల్లవు. అలాగని ఆయన పక్షాన వాదనే లేదనుకోకండి. 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ మతాచరణ స్వేచ్ఛ ఇస్తే, 26వ అధికరణం మతశాఖలకు తమ మత వ్యవహారాలను తామే చూసుకునే హక్కు ఇచ్చింది. శబరిమల వివాదం ఈ రెంటి నడుమ నలుగుతున్నదే.

2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:1 మెజారిటీతో, అయ్యప్ప భక్తులు ప్రత్యేక మతశాఖ కారనీ, 10 నుంచి 50 ఏళ్ల స్త్రీలను ఆపడం చెల్లదనీ తేల్చింది. కోర్టు కొట్టివేసింది స్వామివారి నైష్ఠిక బ్రహ్మచర్యంపై నమ్మకాన్ని కాదు, 1965 నాటి కేరళ ఆలయ ప్రవేశ నిబంధనల్లోని 3(బి)ని. ఆలయాలను హిందువులందరికీ తెరవడానికి చేసిన చట్టం కిందే, ఆచారం వద్దన్న వేళల్లో స్త్రీలకు ప్రవేశం లేదని రాసుకోవడం విడ్డూరమే. భిన్నాభిప్రాయం రాసినవారు ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళ, జస్టిస్ ఇందు మల్హోత్రా. విశ్వాసాన్ని హేతువుతో తూచడం కోర్టుల పని కాదన్నారామె. మతానికి ఏది అత్యవసరమో న్యాయమూర్తులు నిర్ణయించే పద్ధతి నాకూ ఇబ్బందిగానే తోస్తుంది.

ఈ ఆచారం 'అనాదిగా' ఉందన్న మాటను మాత్రం ఆచితూచి వాడాలి. 1991లో కేరళ హైకోర్టు నిషేధాన్ని సమర్థించిన కేసుకు మూలం పత్రికలో అచ్చయిన ఒక ఫోటో: ఆలయ నిర్వహణ చూసే దేవస్వం బోర్డు మాజీ కమిషనర్ ఒకరు తమ ఇంటి ఆడవాళ్లతో కలిసి శబరిమలలో మనవరాలికి అన్నప్రాశన చేయిస్తున్న ఫోటో. మాసపూజలకు అన్ని వయసుల స్త్రీలూ వచ్చేవారనీ, నిర్ణీత రుసుముపై అన్నప్రాశనలు జరిగేవనీ దేవస్వం బోర్డే ఆ కేసులో చెప్పుకుంది.

ఇక ఆచరణ సంగతి. 2019 నవంబర్ 14న సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో పునస్సమీక్ష పిటిషన్లను పెండింగ్‌లో ఉంచి, మూల ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. 2018 తీర్పుపై స్టే ఇవ్వలేదు. అయినా ఆ డిసెంబర్‌లో రక్షణ కోరిన మహిళలకు అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. అంతకు ముందు జనవరి 2న ఇద్దరు మహిళలు దర్శనం చేసుకున్నాక, శుద్ధి కోసం గర్భగుడిని కాసేపు మూసివేశారు కూడా.

దీక్ష పట్టడానికి మీ అమ్మాయికి ఏ చట్టమూ అడ్డు కాదు. ప్రయాణానికి ముందు ఆ కేసు ఏ దశలో ఉందో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. ఇరుముడి కట్టవలసింది గురుస్వామి కనుక తాతగారితోనూ నిదానంగా మాట్లాడమనండి. కట్టనని ఆయన అంటే, ఆయన చేత కట్టించే అధికారం ఏ కోర్టుకూ లేదు.