అమ్మ కొలెస్ట్రాల్‌కు బోరు నీళ్ళే కారణమా? ముందు ఆ భస్మం పొట్లాలు చూడండి

అనంతపురం దగ్గరి పల్లెలో ఉంటున్న మీ అమ్మగారికి 67 ఏళ్ళని, చెడు కొలెస్ట్రాల్ 170 దాటిందని రాశారు. బోరు నీళ్ళలోని లోహాలే కారణమని ఎవరో అన్నారట, సెలైన్ ఎక్కించి లోహాలను కడిగేసే చికిత్స చేయించాలా అని అడిగారు. మోకాళ్ళ నొప్పులకు ఏడాదిగా భస్మం వాడుతున్నారని చివర్లో ఒక్క ముక్క రాశారు. నన్ను కలవరపెట్టింది ఆ ముక్కే.

మాది కర్నూలు. నాన్న బళ్ళారి చౌరస్తా దగ్గర ముప్పై ఏళ్ళు లారీల, ట్రాక్టర్ల బ్యాటరీలు బాగుచేశారు. పాత ప్లేట్ల సీసం కరిగించి పోతపోసేది కూడా ఆ చిన్న గదిలోనే. నాలుగేళ్ళ క్రితం అమ్మకు చెడు కొలెస్ట్రాల్ 168 వచ్చింది, రక్తం కూడా తక్కువగా ఉంది. నాన్న ఏం పని చేసేవారో విన్న డాక్టరు, ఇద్దరికీ రక్తంలో సీసం పరీక్ష రాశారు. నాన్నకు ఎక్కువ ఉంటుందని అనుకున్నదే. అమ్మకు డెసీలీటరుకు 14 మైక్రోగ్రాములు ఉందనేసరికి మాకు నోట మాట రాలేదు. 5 ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమ్మ ఆ షాపులో అడుగైనా పెట్టలేదు. ముప్పై ఏళ్ళు నాన్న బట్టలు దులిపి ఉతికింది, అంతే.

రక్తంలో చేరిన సీసం నెలా రెండు నెలల్లో తగ్గుతుంది గాని, ఎముకల్లో దాగినది దశాబ్దాలు ఉంటుంది. నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడే వయసులో అది మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. నాన్న షాపు మూసేసినా అమ్మ ఒంట్లో సీసం ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

మరి కొలెస్ట్రాల్? సీసం ఎక్కువున్నవారిలో కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా కనిపించిన అధ్యయనాలున్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అనే విష లోహాలను గుండె జబ్బుల ముప్పు పెంచేవాటిలో చేర్చింది. అయినా అమ్మకు దానివల్లే పెరిగిందని డాక్టరు అనలేదు. థైరాయిడ్, షుగర్ చూసి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. మూడు నెలల్లో 168 కాస్తా 96కి దిగింది. సీసం మాత్రం 9కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అంటే కొలెస్ట్రాల్‌కు మందు వేయడానికి సీసం తగ్గేదాకా ఆగనక్కరలేదు, దాని మందు దానికుంది.

ఆ సెలైన్ చికిత్స పేరు చెలేషన్. మాకూ ఒకచోట చెప్పారు, కొలెస్ట్రాల్ కూడా కడిగేస్తుందన్నారు. దయచేసి డబ్బు కట్టకండి. గుండెపోటు వచ్చిన మధుమేహ రోగులపై చేసిన టాక్ట్-2 పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. చెలేషన్‌తో రక్తంలో సీసం 61 శాతం తగ్గింది గాని, గుండెపోట్లూ మరణాలూ తగ్గలేదు. సీసం మరీ ప్రమాదకరంగా పెరిగినవారికి ఆసుపత్రిలో చేసే చికిత్స అది.

ఇక బోరు. అనంతపురం జిల్లా బోర్లలో తరతరాల బాధ ఫ్లోరైడ్, అది లోహం కాదు. కీళ్ళను బిగించేది, మోకాళ్ళను పట్టేసేది అదే కావచ్చు. నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు. మరిగిస్తే పోదు.

నా భయమల్లా, ఆ మోకాళ్ళ కోసం మింగుతున్న పొట్లం గురించే. నాగభస్మం అంటే సీసంతో చేసినదే. రససింధూరంలో పాదరసం ఉంటుంది. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు ఐదో వంతులో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. పేరూ చీటీ లేని పొట్లంలో ఏముందో మనకెలా తెలుస్తుంది?

ఈరోజే ఆపించండి, కానీ పారేయకండి. మిగిలినవి డాక్టరుకు చూపించి రక్తంలో సీసం పరీక్ష అడగండి. ఇంట్లో కళాయి పోయించిన ఇత్తడి గిన్నెల్లో చారు, పులుసు కాస్తున్నారేమో, తగరంలో సీసం కలిపి పూసేవాళ్ళుంటారు. పక్కన ఎవరైనా బీడీ కాలుస్తారేమో కూడా చూడండి, కాడ్మియం ఆ పొగలోనూ ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే మొదలుపెట్టించండి. మోకాళ్ళ నొప్పి మాట విడిగా ఎత్తండి. లేకపోతే ఆమె మళ్ళీ ఆ పొట్లం దగ్గరికే వెళతారు.