పిల్లలకు ‘పునరుత్థానం’ ఎలా చెప్పాలి?

సందేహం: మాది విశాఖపట్నం, గాజువాక. మా చర్చిలో సండేస్కూల్ పిల్లలకు ఈస్టర్ గురించి నేనే చెబుతాను. ‘పునరుత్థానం’ అనగానే ‘అంటే పునర్జన్మా టీచర్?’ అంటున్నారు. పోనీ ‘మళ్లీ బతికాడు’ అని తేలిక చేస్తే పెద్దలు అది చాలదంటున్నారు. ఫ్లెక్సీల మీద ఆ మాటను తలా ఒక రకంగా రాస్తున్నారు. ఏసు శుక్రవారం పోయి ఆదివారం లేస్తే మూడు రోజులెలా అవుతాయని ఒక పిల్లవాడు వేళ్లు మడిచి మరీ అడిగాడు. ఇక నాటికలో ఒక పాప ‘ఏసయ్య లెగిసినాడు’ అంటోంది. దిద్దమంటారా?

సమాధానం: అమ్మా, ముందు ఫ్లెక్సీ సంగతి తేల్చేద్దాం. ‘పునరుత్థానం’ ఒక్కటే సరైన రూపం. త కింద థ ఒత్తు ఉండాలి. పునః, ఉత్థానం కలిస్తే పునరుత్థానం. ‘పునరుద్ధానం’ అని రాసేవాళ్ల చెవిలో ‘పునరుద్ధరణ’ మోగుతూ ఉంటుంది. పాత గుళ్లకూ చెరువులకూ చేసేది పునరుద్ధరణ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఒత్తు మరిచి ‘పునరుత్తానం’ అని రాస్తే మరీ చిక్కు. సంస్కృతంలో ఉత్తానం అంటే వెల్లకిలా పడుకుని ఉన్నది అని అర్థం. అమరకోశంలో ‘ఉత్తానశయ’ అంటే ఇంకా బోర్లా పడడం రాని పసిబిడ్డ. సమాధిలోంచి లేచాడని చాటాల్సిన ఫ్లెక్సీ, మళ్లీ వెల్లకిలా పడుకున్నాడని చెబుతోందన్నమాట! ఫ్లెక్సీ అచ్చుకు వెళ్లే ముందు ఆ ఒక్క ఒత్తూ మీరు చూసుకోండి.

ఇక అసలు విషయం. ఉత్థానం అంటే లేవడం, అంతే. కార్తీక మాసంలో విష్ణువు యోగనిద్ర నుంచి లేచే ఏకాదశిని ఉత్థాన ఏకాదశి అంటారు. మీ పిల్లలను తికమక పెడుతున్నది ముందున్న ‘పునః’. పునర్జన్మలోనూ అదే ఉంది కదా, రెండూ ఒకటే అనుకుంటున్నారు. వాళ్ల తప్పేం లేదు. తేడా రెండో ముక్కలో ఉంది. జన్మ అన్నాక మరో తల్లి కడుపు, మరో ఒళ్లు, మరో పేరు. ఉత్థానంలో మనిషి మారడు. యోహాను సువార్తలో తోమా అనే శిష్యుడు, ఏసు చేతుల్లో సిలువ మేకుల గుర్తులు చూస్తే గాని ఆయన లేచాడని నమ్మనని పట్టుబట్టాడు. పునర్జన్మ అయితే ఆ గుర్తులు ఎక్కడివి? తోమా కథ చెప్పి ఈ ఒక్క ప్రశ్న పిల్లల ముందు పెట్టండి, జవాబు వాళ్లే చెబుతారు.

‘మళ్లీ బతికాడు’ చాలదన్న పెద్దల మాటలోనూ న్యాయం ఉంది. ఆ మాట, చనిపోయాక ఏసు బతికించిన లాజరుకు సరిపోతుంది. అతను మళ్లీ బతికాడు, ఆ తర్వాత అందరిలాగే ఎప్పుడో పోయాడని క్రైస్తవుల అవగాహన. ఏసుకు ఇక చావు లేదన్నది వాళ్ల విశ్వాసం. మళ్లీ బతికాడు అంటే పాత బతుకులోకే తిరిగి వచ్చినట్టు వినిపిస్తుంది. కాబట్టి పిల్లలకు నేనైతే ‘లేచాడు’ అనే చెబుతాను. ఇది సులువు కోసం దిగజార్చిన మాట కాదు. సువార్తల గ్రీకు మూలంలో ఉన్నదే ఈ మాట.

మార్కు సువార్త ఐదో అధ్యాయం తీయండి. యాయీరు అనే యూదుల సమాజమందిరపు అధికారి కూతురు, పన్నెండేళ్ల పిల్ల, చనిపోయింది. ఏసు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ‘తలీతా కుమీ’ అన్నాడు. అది అరమేయిక్ మాట, అప్పట్లో అక్కడి ఇళ్లలో మాట్లాడుకునే భాష. ‘చిన్నదానా, లెమ్మని నీతో చెప్పుచున్నాను’ అని దానికి అక్కడే అర్థం ఇచ్చారు. పిల్ల లేచి నడిచింది. దీనికి తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడాయన. ఇక్కడ ‘లే’ అనడానికి గ్రీకులో వాడిన ధాతువే, పదహారో అధ్యాయంలో ఖాళీ సమాధి దగ్గర ఏసు ‘లేచాడు’ అనడానికీ వాడారు. పొద్దున్నే మంచం మీద పిల్లవాణ్ని లేపే మాట కూడా గ్రీకులో అదే. సండేస్కూలుకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడదు. ముందు ఆ పిల్ల కథ చెప్పండి, వెనక సమాధి కథ చెప్పండి, ‘పునరుత్థానం’ అన్న పెద్ద మాట అప్పుడు బోర్డు మీద రాయండి. అర్థం ముందే తెలిసింది కనుక నోరు దానంతటదే తిరుగుతుంది.

ఈ సువార్తలను తెలుగు చేసే పని మీ ఊళ్లోనే జరిగిందని కూడా పిల్లలకు చెప్పవచ్చు. లండన్ మిషనరీలు క్రాన్, దె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో అనువాదం సాగింది. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయిన ఆ సువార్తల్లో మార్కు కూడా ఉంది. అచ్చు చూడడానికి ఆ ఇద్దరు మిషనరీలూ లేరు.

‘పునరుత్థానుడు’ అనే మాట గురించి మీరు అడగలేదు గాని, వ్యాకరణం ప్రకారం లేచినవాడు ‘ఉత్థితుడు’, కాబట్టి ‘పునరుత్థితుడు’ అనాలి. అయినా పాటల్లో, ప్రార్థనల్లో పునరుత్థానుడే పాతుకుపోయాడు. దాన్ని పెరికే ప్రయత్నం నేను చేయను.

వేళ్లు మడిచిన పిల్లవాడు గట్టివాడే. ‘మూడో రోజున’ వేరు, ‘మూడు రోజుల తర్వాత’ వేరు. మనిషి పోయిన రోజును ఒకటిగా పట్టే మన ఇళ్లలో పదకొండో రోజు లెక్కిస్తారు. అదే లెక్కలో శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. శుక్రవారం నాడు నిలబడి చూస్తే ఆదివారం ఎల్లుండి. నేడు, రేపు, ఎల్లుండి అని వాడి వేళ్ల మీదే చెప్పించండి. సువార్తల్లో కొన్నిచోట్ల ‘మూడు దినములైన తరువాత’ అనీ ఉంది, వాడు పెద్దయ్యాక పట్టుకోకుండా ఉండడు. యూదుల లెక్కలో రోజులో ఒక పూట తగిలినా అది రోజే. అప్పటికి ఈ జవాబు దాచి ఉంచుకోండి.

‘మంచి శుక్రవారం శుభాకాంక్షలు’ అని కూడా ఫ్లెక్సీలు కడుతున్నారు. గుడ్ అన్న మాటకు ఇంగ్లీషులో ఒకప్పుడు పవిత్రమైన అనే అర్థం ఉండేది, ఆ శుక్రవారానికి వచ్చింది ఆ గుడ్డే. ఏసు చనిపోయిన రోజుకు శుభాకాంక్షలు చెప్పడం చదవడానికే బాగుండదు. ఆదివారం దాకా ఆగితే ఎన్నయినా చెప్పుకోవచ్చు.

చివరగా ఆ పాప. పరీక్షలో రాయాల్సి వస్తే ‘లేచాడు’ అని నేర్పండి. లెగు, లెగిసినాడు మీ ఉత్తరాంధ్ర ఇళ్లలో రోజూ వినబడే రూపాలు, తప్పులు కావు. యాయీరు కూతురితో ఏసు మాట్లాడింది కూడా ఆ పిల్ల ఇంటి భాషే. నాటికలో ఆ పాప చేత లెగిసినాడనే అనిపించండి, వెనక వరసలో కూర్చున్న అమ్మమ్మకు కూడా సూటిగా అందుతుంది.