పని పెద్ద కంపెనీకి వెళ్ళింది, కాంట్రాక్టు పోయింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. నేను రిటైర్డ్ టీచర్ని. మా పెద్దబ్బాయి 9 ఏళ్ళుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. జీతం దాదాపు రెట్టింపు వస్తోందని 4 ఏళ్ళ క్రితం పర్మనెంట్ ఉద్యోగం మానేసి కాంట్రాక్టులోకి మారాడు. ఈమధ్య క్లయింటు ఆ పనంతా ఒక పెద్ద ఐటీ కంపెనీకి అప్పగించేసింది. మావాడితో పాటు 11 మందిని రెండు వారాల్లో పంపించేశారు. 3 నెలలైంది. ఇంటర్వ్యూకి వెళ్తే ‘నీ డొమైన్ ఏంటి’, అంటే ఏ రంగం పని తెలుసు అంటున్నారట. 70 వేలు కట్టి గైడ్‌వైర్ అనే ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తానంటున్నాడు. చిన్నవాడు బీటెక్ ఆఖరి ఏడాది. ఉద్యోగం వద్దు, నేరుగా ఫ్రీలాన్స్ చేస్తానంటాడు. ఇద్దరికీ ఏం చెప్పమంటారు? పెద్దవాడి రెజ్యూమె జతచేశాను.

జవాబు:

మాస్టారూ, మీ పెద్దబ్బాయిని పని రాక తీసేశారని మాత్రం అనుకోకండి. పెద్ద క్లయింట్లు కొన్నాళ్ళకోసారి లెక్కలు తిరగేస్తారు. పదిమంది వెండర్లు (మనుషుల్ని సరఫరా చేసే కంపెనీలు), ఒక్కొక్కరి తరఫున నలుగురైదుగురు కాంట్రాక్టర్లు, ఎవరి బిల్లు వాళ్ళది. ఇదంతా ఎందుకని ‘మొత్తం టెస్టింగ్ మీరే చూసుకోండి, ఏడాదికి ఇంత’ అని ఒకే కంపెనీకి రాసిచ్చేస్తారు. మేనేజ్డ్ సర్వీసెస్ అనేది దీన్నే. రేటు ఖాయమైపోయాక ఆ కంపెనీకి ప్రతి మనిషీ ఖర్చే. బెంచి మీద సొంత ఉద్యోగులు ఖాళీగా కూర్చునుంటే, బయటివాళ్ళకు బిల్లు ఎందుకు కడుతుంది? కాంట్రాక్టులో రెండు వారాల నోటీసు చాలని రాసుంటుంది కాబట్టి రెండు వారాల్లోనే పంపేశారు.

అలాగని ఆ పెద్ద కంపెనీలు బయటివాళ్ళను అసలు తీసుకోవనీ కాదు. ఇన్ఫోసిస్ త్రైమాసిక ఫలితాలు చూడండి, జీతాల ఖర్చు కాకుండా ‘టెక్నికల్ సబ్ కాంట్రాక్టర్ల ఖర్చు’ అని వేరే పద్దు కనిపిస్తుంది. మీ అబ్బాయి లాంటివాళ్ళకు కట్టే డబ్బే అది. మార్కెట్ మందగిస్తే మొదట కత్తెర పడేది ఇలాంటి పద్దుకే. కానీ ప్రాజెక్టు చేతికొచ్చి, ఆ పని తెలిసినవాడు బెంచి మీద ఎవరూ లేరనుకోండి, అప్పుడు బయటికి ఫోన్లు చేస్తారు. ఆ ఫోన్ ఎవరికి వస్తుందన్నదే మన సమస్య.

రెజ్యూమె చదివాను. మొదటి పేజీ నిండా సెలీనియం, జావా, జిరా, పోస్ట్‌మ్యాన్, అన్నీ టెస్టింగ్‌లో వాడే టూల్సూ భాషలే. అమీర్‌పేటలో ఏ మెస్సులో భోజనానికి కూర్చున్నా ఆ నాలుగూ వచ్చినవాళ్ళు పక్క టేబుల్ దగ్గరే ఉంటారు. పైగా వాటితో రాసే టెస్టింగ్ స్క్రిప్టుల్లో చాలా భాగం ఇప్పుడు ఏఐ టూల్సే రాసిపెడుతున్నాయి. మూడో పేజీ అడుగున మాత్రం ఒక్క లైను ఉంది: ‘అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింట్, 837, 835 ఫైళ్ళ టెస్టింగ్, 4 ఏళ్ళు.’ అది చూసి నాకు కోపం కూడా వచ్చింది. ఇంటర్వ్యూలో అడుగుతున్న డొమైన్ అదే కదా, దాన్ని తీసుకెళ్ళి అడుగున ఎందుకు దాచాడు?

అదేమిటో మీకూ తెలియాలి కాబట్టి కాస్త విడమర్చి చెబుతాను. అమెరికాలో ఆస్పత్రి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే బిల్లు ఫైలు 837. ఎంత ఇచ్చాం, ఎంత కోశాం, ఎందుకు కోశాం అని కంపెనీ తిరిగి పంపే జవాబు 835. ఈ లావాదేవీలన్నీ ఒకే పద్ధతిలో జరగాలన్న నిబంధనకు మూలం అక్కడి 1996 నాటి హిపా చట్టం. ఇప్పుడు ఆస్పత్రి 1,200 డాలర్లు అడిగింది, కంపెనీ 700 ఇచ్చింది అనుకోండి. మిగతా 500 ఒప్పందం రేటు కంటే ఎక్కువ వేసింది కాబట్టి ‘సీఓ 45’ అన్న కోడ్ కింద రాయాలి. ఆ 500 ఆస్పత్రి వదులుకోవాల్సిందే, పేషెంట్ని అడగకూడదు. ప్రోగ్రాంలో తప్పు దొర్లి ‘సీఓ’ బదులు ‘పీఆర్’ అని పడితే అది పేషెంట్ బాకీ అయిపోతుంది. మొత్తం మాత్రం రెండు విధాలా 1,200కే సరిపోతుంది. సెలీనియం ఒక్కటే తెలిసినవాడు ఫైలు వచ్చింది, కూడిక కలిసింది అని పాస్ చేసేస్తాడు. క్లెయిమ్స్, అంటే ఈ బిల్లుల వ్యవహారం తెలిసినవాడు ఆ రెండక్షరాల దగ్గర ఆగుతాడు. కాంట్రాక్టర్‌కి ఎక్కువ రేటు కట్టేది అలా ఆగినందుకే.

ఈ పనికి హైదరాబాదులో కొనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆప్టమ్, ఎవర్‌నార్త్ లాంటి అమెరికా ఆరోగ్య సంస్థలకు ఇక్కడే సొంత ఆఫీసులున్నాయి. జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) అంటున్నవి ఇవే. బయటికిచ్చిన పని తిరిగి తమ చేతుల్లోకి తెచ్చుకోవాలనుకునే సంస్థలు ఇలాంటి చోట్ల మనుషుల్ని పెంచుకుంటాయి. అందులో కొందరిని ముందు థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే జీతం వేరే కంపెనీ ఇచ్చేలా తీసుకుని, నచ్చితే పర్మనెంట్ చేస్తారు. మీ అబ్బాయి ఆ వైపు వెతకాలి.

గైడ్‌వైర్ కోర్సు వద్దనే చెబుతాను. ‘అదీ ఇన్సూరెన్సే కదా’ అనుకుని ఉంటాడు. గైడ్‌వైర్ వాడేది కార్లకూ ఇళ్ళకూ బీమా చేసే కంపెనీలు. హెల్త్ క్లెయిమ్స్‌తో దానికి పెద్దగా సంబంధం లేదు. మంచి ప్రోడక్టే, కానీ ప్రాజెక్టు చేయకుండా కోర్సుతో వచ్చినవాడికి కాంట్రాక్టు ఎవరిస్తారు? అప్పుడు ‘రెండేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకో, మేం చూసుకుంటాం’ అని సలహా ఇచ్చేవాళ్ళు తయారవుతారు. పీఎఫ్ రికార్డు తీసి చూస్తే ఆ అబద్ధం బయటపడిపోతుంది. ఉన్న 9 ఏళ్ళ నిజమైన అనుభవానికి కూడా మచ్చ పడుతుంది.

స్పెషలైజేషన్‌లోనూ తేడాలున్నాయి. 2015 అక్టోబర్ 1న అమెరికా ఆస్పత్రులన్నీ జబ్బుల కోడ్లను ఐసీడీ 9 నుంచి ఐసీడీ 10కి మార్చాయి. సుమారు 14 వేల కోడ్ల స్థానంలో 68 వేల పైచిలుకు వచ్చాయి. ఆ తేదీ దాకా ఆ మార్పిడి తెలిసినవాళ్ళకు గిరాకీ. తేదీ దాటాక, అదొక్కటే తెలిస్తే మళ్ళీ వెతుక్కోవాల్సిందే. క్లెయిమ్స్ మొత్తం తెలిసినవాళ్ళకు ఆ బాధ లేదు, ఆస్పత్రులు రోజూ బిల్లులు పంపుతూనే ఉంటాయి కదా. ఒకే క్లయింటు ఆఫీసులో మాత్రమే ఉండే సొంత సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ళకేళ్ళు గడపడమూ ఇలాంటిదే. ‘నాకొచ్చిన ఈ పని ఇంకో 5 కంపెనీలకు అవసరమా? వాటి పేర్లు చెప్పగలనా?’ అని కాంట్రాక్ట్ ఒప్పుకునే ముందే తనను తాను అడగమనండి.

డబ్బు సంగతి. రెట్టింపు జీతం అన్నారు, అందులోంచి ఈ 3 నెలల ఖాళీ తీసేయండి, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇంటిల్లిపాదికీ ఉండే హెల్త్ పాలసీ తీసేయండి. మిగిలేది రెట్టింపు కాదు. 6 నెలల ఇంటిఖర్చు బ్యాంకులో లేకుండా ఈ పద్ధతిలో ఉండకూడదు. ఇంకోటి, పేరోల్ మీద కాకుండా తనే బిల్లు పంపే పద్ధతైతే చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమనండి. ఫీజు లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, కాగితం మీద ఏం రాసుకున్నా సరే, 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ‘క్లయింటు ఇచ్చాక మీకిస్తాం’ అనే వెండర్లకు ఈ ముక్క గుర్తుచేస్తే చాలాసార్లు పనవుతుంది. ఏడాదికి బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా ఉంటుంది.

చిన్నబ్బాయికి మాత్రం ఇప్పుడే ఫ్రీలాన్స్ వద్దు. ఇందాక చెప్పిన సీఓ, పీఆర్ తేడా బయట కోర్సుల్లో ఒంటపట్టదు, ఆ పని రోజూ జరిగే ఆఫీసులో సీనియర్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది. మూడు నాలుగేళ్ళు ఉద్యోగం చేయమనండి. ప్రాజెక్టు ఎంచుకునే వీలు దొరికితే భాష జావానా పైథానా అని కాకుండా బ్యాంకా, ఫార్మానా, ఆస్పత్రా అని చూడమనండి. సరదాకి శని, ఆదివారాల్లో చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసుకుంటానంటే చేసుకోనివ్వండి.

పెద్దబ్బాయి ఈసారి తెనాలి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ 4 ఏళ్ళలో తను పట్టుకున్న తప్పుల్లో ఎవరికో ఒకరికి డబ్బు నష్టం తెచ్చేవి ఓ మూడు చెప్పమనండి. మీకు అర్థమయ్యేదాకా వదలకండి, పిల్లల చేత అలా చెప్పించడం మీకు నేర్పక్కర్లేదు. మీకు అర్థమైన మాటల్లోనే అవి రెజ్యూమె మొదటి పేజీలోకి రావాలి. క్లయింటు ఫైళ్ళలోని పేషెంట్ల వివరాలు మాత్రం ఒక్కటీ రాయకూడదు. అది సిద్ధమయ్యాక నాకు మళ్ళీ పంపండి, చూస్తాను.