ఎఫ్ఎంకి పొడుగు తీగ కడితే సిగ్నల్ పెరుగుతుందా?

మీరు అడిగినవి రెండు. సిద్ధవటం వైపు కొండ వారన ఉన్న మీ ఊళ్లో కడప ఆకాశవాణి మీడియం వేవ్ శుభ్రంగా వస్తుంటే ఎఫ్ఎం మాత్రం ఎందుకు గరగరమంటోంది? మిద్దె మీద ఇరవై అడుగుల రాగి తీగ కడితే బాగుపడుతుందా? రెండోదానికి ముందు చెప్తాను: కట్టొద్దు, రాగి దండగ. ఐదడుగుల లోపు తీగ చాలు. కాకపోతే కొలిచి కట్టాలి.

ప్రొద్దుటూరులో రేడియో, టీవీ రిపేరు షాపులో చాలా ఏళ్లు పనిచేశాను. ఏరియల్ ఎంత పొడుగుంటే అంత మంచిదనే నమ్మకం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అసలు జరిగేది వేరు. స్టేషన్ నుంచి వచ్చే తరంగం తీగను తాకగానే అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి, ఎఫ్ఎంలో అయితే సెకనుకు దాదాపు పది కోట్ల సార్లు. ఆ ఊపే సన్నటి కరెంటుగా రేడియోలోకి దిగుతుంది. ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు తోస్తేనే పైకి లేస్తుంది కదా, తీగకూ అలాంటి సొంత లయ ఉంది. అది దాని పొడవును బట్టి ఉంటుంది. తరంగం పొడవులో (ఒక ఊపు పూర్తయ్యేలోపు తరంగం సాగే దూరంలో) సుమారు సగం ఉన్న తీగ ఆ తరంగానికి బాగా స్పందిస్తుంది. మీ ఇరవై అడుగుల తీగ అయితే రెండు తరంగాల పొడవు అవుతుంది. అది వినే దిక్కులు ముక్కలుగా చీలిపోయి, మీకు కావలసిన వైపే చెవిటిదైనా ఆశ్చర్యం లేదు.

లెక్క సులువే. 300ని స్టేషన్ మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. ఎఫ్ఎం బ్యాండ్ 88 నుంచి 108 దాకా. 100 అనుకుంటే 3 మీటర్లు, అందులో సగం మీటరున్నర. కొసల ప్రభావం వల్ల తీగ ఉన్నదాని కంటే కాస్త పొడుగున్నట్టు ప్రవర్తిస్తుంది, అందుకే ఐదు శాతం తగ్గించాలి, అంటే దాదాపు 143 సెంటీమీటర్లు. దాన్ని మధ్యలో తెంచి, రెండు ముక్కల మధ్య చిన్న సందు వదిలి ప్లాస్టిక్ పైపు మీద వరసగా బిగించండి. కేబుల్ లోపలి తీగ ఒక ముక్కకు, పైన అల్లిన జాలీ రెండోదానికి. ఇదే డైపోల్. దీని ఇంపీడెన్స్ (ఊగే కరెంటుకు అది చూపే అడ్డు) 73 ఓములు కాబట్టి డిష్ టీవీకి వాడే 75 ఓముల కేబుల్ సరిపోతుంది. డైపోల్ తన అడ్డం వైపు బాగా వింటుంది, కొసల వైపు దాదాపు వినదు. స్టేషన్ ఉన్న దిక్కుకు అడ్డంగా తిప్పండి. ఒకసారి నిలువుగా పెట్టి కూడా చూడండి, ఏది బాగుంటే అది.

ఇక కడప స్టేషన్ సంగతి. అది 900 కిలోహెర్ట్జ్, అంటే తరంగం పొడవు 333 మీటర్లు. అందులో సగం తీగ కట్టాలంటే ఊరు దాటిపోతుంది. అందుకే రేడియో లోపల ఫెర్రైట్ (ఇనుము ఆక్సైడుతో చేసే అయస్కాంత పదార్థం) కడ్డీకి తీగ చుట్టి, తరంగంలోని అయస్కాంత భాగాన్ని పట్టుకుంటారు. బయటికి లాగే రాడ్డుకు మామూలు సెట్లలో మీడియం వేవ్‌తో పనే లేదు. షాపుకొచ్చిన పెద్దాయనలు రాడ్డు మొత్తం లాగి "కడప సరిగా పలకడం లేదు నాయనా" అనేవాళ్లు. సెట్టును బల్ల మీద పావు వంతు తిప్పితే గొంతు లేచేది. కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తే సిగ్నల్ పడిపోతుంది, అంతే. ఇప్పుడైతే మీడియం వేవ్‌కి పెద్ద శత్రువు ఇంట్లోని చవక ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు. అవి ఆపి వినండి, తేడా తెలుస్తుంది.

అంత పొడుగు తరంగం పగలు నేలను అంటిపెట్టుకుని, కొండల మీదుగా వంగి వస్తుంది. ఎఫ్ఎం తరంగం చిన్నది, దాదాపు తిన్నగా పోతుంది. కొండ అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. మీ ఊరు ఉన్నది ఆ నీడలోనే.

కాబట్టి తీగ పొడవు కంటే ఎత్తు ముఖ్యం. మిద్దె మీద గట్టి పైపు నిలబెట్టి డైపోల్ పైకెత్తండి. చాలకపోతే దాని వెనక ఐదు శాతం పొడుగున్న కడ్డీ, ముందు, అంటే స్టేషన్ వైపు, అంతే పొట్టిగా ఇంకోటి పెడితే యాగీ ఏరియల్ అవుతుంది. 1920ల్లో జపాన్‌లో ఉడా, యాగీ కనిపెట్టిన పద్ధతే, దూరదర్శన్ రోజుల్లో మన మిద్దెల మీద నిలబడింది ఇదే. పైపు ఎత్తేటప్పుడు పడినా కరెంటు తీగలకు తగలనంత దూరం చూసుకోండి. ఉరుములు మొదలవకముందే కేబుల్‌ను సెట్టు నుంచి తీసేయండి.