కత్తి మొద్దుదైనా వేళ్లు విరుగుతాయి

ప్రశ్న: మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడి క్లబ్బులో పాతకాలపు జర్మన్ లాంగ్‌స్వోర్డ్ (రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి) సాము నేర్చుకుంటున్నా. వచ్చే నెల నుంచి స్టీల్ ఫెడర్లతో స్పారింగ్ అన్నారు. లాక్రోస్ ఆటకి వాడే గ్లౌజులు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. సరిపోతాయా?

జవాబు: నైలాన్ కత్తితో నెమ్మదిగా ఆడినంతకాలం ఫరవాలేదు. స్టీలుకి చాలవు. ఫెడర్ అంటే అంచు మొద్దుగా, పొడిస్తే వంగేలా చేసిన సాధన కత్తే. అయినా కిలోన్నర బరువు, 130 సెం.మీ. పొడవు ఉంటుంది. తల మీదకొచ్చిన దెబ్బను కాస్త ఆలస్యంగా అడ్డుకున్నారా, అది నేరుగా వేళ్ల మీదే పడుతుంది. లాక్రోస్ గ్లౌజులో వేళ్ల వెనకవైపు స్పాంజి ముక్కలుంటాయి. పిడికిలి బిగించగానే వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. వేలి కొసకి, గోరు పక్కన రక్షణ ఉండదు. బొటనవేలి గతి మరీ అన్యాయం. త్స్వెర్ఖావ్ లాంటి అడ్డదెబ్బకి దాన్ని బ్లేడు చదును మీద ఆనిస్తారు కదా, అప్పుడది కవచం దాటి బయటికి వస్తుంది.

లాంగ్‌స్వోర్డ్‌కి గట్టి ప్లాస్టిక్ డిప్పలున్న మిటెన్ రకం (వేళ్లకి విడివిడిగా కాక కలిపి తొడుగు ఉండే) గ్లౌజులే కొనండి. కొనేముందు మీ కత్తి వెంట తీసుకెళ్లండి. తొడుక్కుని పిడి పట్టుకుని, బొటనవేలి కొసని బల్ల అంచుకేసి గట్టిగా నొక్కండి. ఆ ఒత్తిడి డిప్ప మీదుగా పిడికి పోవాలి. గోటికి తగిలితే ఆ జత వద్దు. తర్వాత మణికట్టుని అన్ని వైపులా వంచి చూడండి. గ్లౌజు కఫ్‌కీ ముంజేతి గార్డుకీ మధ్య చర్మం కనిపించకూడదు. డిప్పల్ని కలిపే తాళ్లు అరిగి తెగుతుంటాయి, ఆడేముందు ప్రతిసారీ లాగి చూసుకోవాలి. డబ్బు తక్కువైతే జాకెట్ క్లబ్బుది వాడుకోండి, గ్లౌజుల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు.

ప్రశ్న: 350 న్యూటన్ల జాకెట్ కంటే 800ది దెబ్బల్ని ఎక్కువ ఆపుతుందా?

జవాబు: ఆ అంకెకీ దెబ్బకీ సంబంధం లేదు. మొన దూసుకుపోకుండా బట్ట ఎంత బలాన్ని తట్టుకుంటుందో చెప్పే అంకె అది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఫెన్సింగ్ పోటీల్లో ఎదుటివాడి ఫాయిల్ (సన్నని ఫెన్సింగ్ కత్తి) విరిగి, మాస్కులోంచి దూసుకుపోయి సోవియట్ ఆటగాడు వ్లదీమిర్ స్మిర్నోవ్ చనిపోయాడు. విరిగిన బ్లేడు అంత ప్రమాదం. నరుకుడు దెబ్బని ఆపేది జాకెట్ లోపలి దూది మందం, మోచేతుల మీదా ముంజేతుల మీదా పెట్టే గట్టి ప్లాస్టిక్. 800 కొనండి, కానీ మోచేతి గార్డు మానేసి కాదు.

గొంతు సంగతి మీరు అడగలేదు గానీ, చెప్పాల్సిందే. మాస్కు కింద వేలాడే బట్టని కిందనుంచి వచ్చే పొడుపు పైకి లేపేస్తుంది. 16వ శతాబ్దపు జర్మన్ సాము బళ్లలో లాంగ్‌స్వోర్డ్‌తో పొడవడం ఆచారం కాదు, ఇప్పుడు పొడుస్తున్నారు. కాబట్టి విడిగా గట్టి గోర్జెట్ (గొంతు కవచం) పెట్టుకోవాల్సిందే. స్పోర్ట్ ఫెన్సింగ్ మాస్కుకి తల వెనక రక్షణ ఉండదు, దానిమీద వెనకభాగం కప్పే తొడుగు వేయాలి. జాలీలో సొట్ట పడిన మాస్కుని సరిచేసి మళ్లీ వాడకండి. తీగలు ఎడమైన చోట మొన దూరుతుంది.

ప్రశ్న: ఫెడర్ అంచు మీద గాట్లు పడుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: గాటు లోతుని మొత్తం తీసేయాలని చూడొద్దు, బ్లేడు సన్నబడిపోతుంది. పైకి లేచిన కొనల్ని మాత్రం సన్న ఆకురాయితో అరగదీసి, 240 నంబర్ శాండ్‌పేపర్‌తో నునుపు చేసి, నూనె రాయండి. ఆ కొనలే గ్లౌజుల్నీ జాకెట్లనీ చీల్చేవి. బ్లేడు మెల్లగా విల్లులా వంగితే చేత్తో సరిచేసుకోవచ్చు. ఒకేచోట మడత పడినా, జుట్టంత పగులు కనిపించినా పక్కన పెట్టేయండి. వెల్డింగ్ చేయిస్తే ఆ వేడికి ఉక్కు టెంపర్ (విరక్కుండా వంగే గట్టిదనం) పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.