బీబీఏ ఫైనాన్సా, బీకామా?

ప్రశ్న: నేను ఈ ఏడాది ఎంఈసీ గ్రూపుతో ఇంటర్మీడియెట్ పూర్తి చేశాను. డిగ్రీలో ఫైనాన్స్ ప్రధానాంశంగా చదవాలని ఉంది. నాన్నగారు మాత్రం మా ఊరి కళాశాలలో బీకాం చేసి, ఆపైన సీఏకు వెళ్ళమంటున్నారు. ఫైనాన్స్ అంటే షేర్ల బేరమేనని ఆయన భయం. నేను చూసిన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫీజు కూడా ఎక్కువే. ఏది మేలు?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: నాన్నగారి భయం సగమే నిజం. షేర్లు ఫైనాన్స్‌లో ఒక అధ్యాయం మాత్రమే. జరిగిపోయిన లావాదేవీలను లెక్కకు ఎక్కించి, సరిచూసేది అకౌంటింగ్ అయితే, రేపెప్పుడో చేతికొచ్చే సొమ్ముకు, అది వస్తుందో రాదో తెలియని స్థితిలో, ఈరోజు ఎంత విలువ కట్టాలో తేల్చేది ఫైనాన్స్. ఐదేళ్ళ తర్వాత వచ్చే లక్ష రూపాయలు, ఏటా 8 శాతం రాబడి లెక్కన, ఇవాళ సుమారు 68,000 రూపాయలకే సమానం. నెలకు 20,000 చొప్పున 25 నెలలు కట్టే ఐదు లక్షల చిట్టీని మూడో నెలలోనే లక్ష తగ్గించి పాడుకున్నవారికి అసలు ఎంత వడ్డీ పడినట్టు? చిట్టీలు కట్టే ఇళ్ళలో ఎంతోమంది ఎన్నడూ వేసి చూడని ఈ లెక్క, ఫైనాన్స్ విద్యార్థికి మొదటి ఏడాదిలోనే చేతికి రావాలి.

అందుచేత డిగ్రీ పేరును పక్కనపెట్టి, ముందుగా పాఠ్యప్రణాళిక తెప్పించుకుని చదవండి. గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం, అకౌంటింగ్, కార్పొరేట్ ఫైనాన్స్ గట్టిగా ఉండి, విద్యార్థుల చేత నిజమైన కంపెనీల వార్షిక నివేదికలు చదివిస్తున్నారా, ఎక్సెల్‌లో లెక్కలు కట్టిస్తున్నారా అన్నది అక్కడి పూర్వ విద్యార్థులనే అడగాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నారు. మన హైదరాబాదులోనే జరిగిన ఆ ఉదంతాన్ని ముందువెనుకల ఆస్తి అప్పుల పట్టీలతో సహా పాఠంగా చెప్పే అధ్యాపకుడు దొరికితే, ఆ కళాశాల భవనాలు పాతవైనా నేను అక్కడికే వెళ్ళమంటాను. మేనేజ్‌మెంట్ సూత్రాలతో మూడేళ్ళూ గడిపి, చివరి సంవత్సరంలో రెండు ఫైనాన్స్ పేపర్లు అతికించిన బీబీఏకు లక్షలు పోయడం దండుగ.

బీబీఏ సీట్లు తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్ ద్వారా మన రాష్ట్రంలోని కళాశాలల్లోనూ దొరుకుతాయి. మీకు లెక్కలంటే ఇష్టమైతే, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఫైనాన్షియల్ ఇన్వెస్ట్‌మెంట్ అనాలిసిస్ (పెట్టుబడుల విశ్లేషణ) ప్రధానంగా ఉన్న బీబీఏకు ప్రయత్నించవచ్చు. దానికి గణితం తప్పనిసరి కనుక ఎంఈసీ చదివిన మీకు అడ్డు లేదు.

సీఏ దారి కూడా మూసుకుపోదు. ఇంటర్ తర్వాత ఫౌండేషన్ పరీక్షతో ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, లేదా డిగ్రీలో కామర్స్ విద్యార్థులు 55 శాతం, ఇతరులు 60 శాతం మార్కులు తెచ్చుకుని నేరుగా సీఏలోని రెండో మెట్టు, ఇంటర్మీడియెట్ స్థాయిలో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ (సీఏల దగ్గర చేసే పని శిక్షణ) మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. ఆడిట్, పన్నుల పని మీద మనసుంటే నాన్నగారి మాటే మంచిది.

ఇంకొక్క మాట దాచకుండా చెప్పాలి. డిగ్రీ ఒక్కదానితో హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో దొరికే తొలి ఉద్యోగాలు ఎక్కువగా ఫండ్ అకౌంటింగ్ (పెట్టుబడి నిధుల లెక్కలు రాయడం), ఖాతాలు సరిపోల్చడం, కేవైసీ (ఖాతాదారుల వివరాల తనిఖీ) వంటివే. పెట్టుబడుల విశ్లేషణ చేయాలంటే దానిపైన ఎంబీఏ గానీ, సీఏ గానీ, పెట్టుబడుల విశ్లేషకులకు ఇచ్చే అంతర్జాతీయ అర్హత సీఎఫ్ఏ గానీ సాధారణంగా అవసరమవుతుంది. ఆ రెండో చదువుకు కావలసిన డబ్బును కూడా లెక్కలో పెట్టుకున్నాకే డిగ్రీకి ఎంత ఖర్చు చేయాలో ఇంట్లో తేల్చుకోండి.

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సీఎఫ్ఏ ఇప్పుడే రాయవచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: డిగ్రీ పూర్తి కావడానికి 23 నెలలు, అంతకన్నా తక్కువ సమయం మిగిలి ఉంటే మొదటి స్థాయి రాయవచ్చు, ఏ డిగ్రీ అయినా చెల్లుతుంది. అయితే మూడు స్థాయిలూ గట్టెక్కినా, కనీసం 36 నెలల వ్యవధిలో 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపితేనే చార్టర్ (సీఎఫ్ఏ హోదా) ఇస్తారు. ఫీజు డాలర్లలో కట్టాలి కనుక, ముందుగా షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం వారి పరీక్ష ఒకటి తక్కువ ఖర్చుతో రాసి, ఈ చదువు మీకు పట్టుబడుతుందో లేదో చూసుకోండి.