నాయన కోసం పొలం అమ్మాలా, ఉద్యోగం మానాలా? కావలి చెల్లెలికి జవాబు

ప్రశ్న (కాస్త కుదించాను): "అన్నా, మాది కావలి దగ్గర పల్లె. నాయనకి 62 ఏళ్ళు, కడుపులో క్యాన్సర్. చెన్నైలో చూపించాం, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోయి నొప్పి లేకుండా చూసుకోమన్నారు. అమ్మే చూసుకుంటోంది, ఆమెకీ షుగరు, మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, జీతం 24 వేలు. తమ్ముడు బెంగళూరు నుంచి నెలకి 10 వేలు పంపుతాడు. అమ్మ పేరు మీద 2 లక్షల 40 వేల ఎఫ్‌డీ ఉంది, నాయన పేరు మీద 60 సెంట్ల పొలం ఉంది. ఏజెన్సీ వాళ్ళు 24 గంటల మనిషికి 32 వేలు అడుగుతున్నారు, తిండి మనమే పెట్టాలంట. విడిగా నర్సు వచ్చి చూసిపోతే విజిట్‌కి 600, రాత్రి తోడుకి మా ఊరామె 400 అంటోంది. ఉద్యోగం మానేసి నేనే చూసుకోనా, పొలం అమ్మి మనిషిని పెట్టనా?"

చెల్లెమ్మా, రెండూ వద్దు. ముందు ఉద్యోగం సంగతి చెప్తా. మానేస్తే ఖర్చు మిగులుతుందని అనిపిస్తుంది గానీ నెలకి 24 వేలు ఆగిపోతాయి, అంటే 24 వేలు జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నట్టే లెక్క, పైగా ఇంట్లో బియ్యం, కరెంటు బిల్లు అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి కదా. నాయన దగ్గర ఉండాలని మనసు కొట్టుకుంటుంటే స్కూల్ వాళ్ళతో మాట్లాడి లీవులు దాచిపెట్టుకోండి, చివరి రోజుల్లో అవి చాలా అవసరం పడతాయి.

ఇప్పుడు నర్సు సంగతి. 24 గంటల మనిషి అనగానే నర్సు అనుకుంటాం, ఎక్కువసార్లు వచ్చేది ట్రైనింగ్ లేని అటెండెంటే. మా అమ్మకి 2016లో ఇట్టే అయింది, ఒక ఏజెన్సీ పంపిన పిల్లకి పక్క మార్చడం కూడా తెలీదు, పది రోజుల్లో నడుం కింద పుండు పడింది, పాపం ఆ పిల్ల తప్పు కాదు, ఎవరూ నేర్పలేదు. తర్వాత రిటైరైన ఒక స్టాఫ్ నర్సమ్మ వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టింది, గంటసేపు ఉండి మా ఆవిడకి అన్నీ చేతులు పట్టి నేర్పింది. రెండు గంటలకోసారి పక్క ఎట్ట మార్చాలి, నోరు ఎట్ట తుడవాలి, యూరిన్ బ్యాగు ఎట్ట ఖాళీ చేయాలి, మాత్ర ఏ టైముకి వేయాలి అన్నీ. ఆ రెండు గంటలతో మా ఇంట్లో భయం తగ్గింది, ఆ మేలు నేను ఎన్నటికీ మర్చిపోను. అందుకే చెప్తున్నా, నర్సు వచ్చేది నాయన కోసం ఎంతో, అమ్మ కోసం కూడా అంతే. అమ్మ పడిపోతే ఇంట్లో ఇద్దరు పేషెంట్లు.

మీరు చెప్పిన రేట్లతోనే లెక్క వేద్దాం. నర్సు వారానికి మూడుసార్లు, నెలకి 13 విజిట్లు అనుకుంటే 7,800. ఊరామె రోజు మార్చి రోజు రాత్రి తోడు, 15 రాత్రులకి 6,000. మందులు, డైపర్లు, ఎయిర్ బెడ్ అద్దె అన్నిటికీ ఒక 6,000 పక్కన పెట్టండి. మొత్తం 19,800. తమ్ముడు పంపే 10 వేలు తీసేస్తే ఎఫ్‌డీ నుంచి తీయాల్సింది 9,800. రేపు నాయనకి బాగా నీరసమై ప్రతి రాత్రీ మనిషి కావాల్సి వచ్చినా 25,800, అంటే ఎఫ్‌డీ నుంచి 15,800, అట్టయినా ఆ డబ్బు 15 నెలలు వస్తుంది. ఏజెన్సీ మనిషైతే మందులతో కలిపి 38 వేలు, ఎనిమిది నెలలకే ఎఫ్‌డీ అయిపోతుంది, ఆ మనిషి తిండి ఖర్చు ఇందులో వేయనేలేదు. నర్సుని పెట్టుకునేటప్పుడు జీఎన్ఎమ్ (పూర్తి నర్సింగ్ డిప్లొమా) చేసిందా, ఏఎన్ఎమ్మా (అంతకన్నా చిన్న నర్సింగ్ కోర్సు) అడగండి, సర్టిఫికెట్ చూడండి, మొహమాటపడొద్దు.

నొప్పి గురించి ఒక మాట, ఇది డబ్బు విషయమే. నొప్పి మందు సరిగ్గా పడకపోతే ఏ అర్ధరాత్రో భరించలేక కారు మాట్లాడుకుని నెల్లూరు పరిగెడతారు, ఐసీయూలో పెడతారు, అక్కడ ఒకటి రెండు రోజుల బిల్లుతో ఇంట్లో నెల నర్సు గడిచిపోతుంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, ఖరీదు తక్కువ, 2014లో మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) సవరించాక ఆస్పత్రులు తెచ్చిపెట్టుకోవడం కొంచెం సులువైంది, అయినా మామూలు మెడికల్ షాపులో దొరకవు. చెన్నై డాక్టర్నే అడిగి చీటీ రాయించుకోండి, ఎక్కడిస్తారో కూడా వాళ్ళనే అడగండి. అలవాటు పడిపోతాడని భయపడి డోసు మీరే తగ్గించొద్దు. దానికి మలబద్ధకం వస్తుంది, విరేచనం మందు కూడా కలిపి రాయించుకోవాలి, ఇవన్నీ నర్సమ్మ చూసుకుంటుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ఆస్పత్రిలో వైద్యానికే, ఇంటికొచ్చే నర్సు జీతానికి పనికిరాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆస్పత్రిలో చేతి నుంచి కట్టిన బిల్లులు ఉంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోండి, ఒరిజినల్స్ జాగ్రత్త. మీకు పీఎఫ్ కట్ అవుతుంటే అనారోగ్యం కింద అడ్వాన్సు తీసుకోవచ్చు, అది తిరిగి కట్టక్కర్లేదు. తమ్ముడు పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే పెద్ద జబ్బుల మినహాయింపు (1961 చట్టంలో 80డీడీబీ) కింద నాయన వైద్యం ఖర్చు లక్ష దాకా చూపించుకోవచ్చు, నాయన వాడి మీద ఆధారపడి ఉండాలి, స్పెషలిస్టు డాక్టరు చీటీ కావాలి.

నెలనెలా తీసే డబ్బు కోసం ఎఫ్‌డీ ఒకేసారి పగలగొట్టొద్దు, బ్యాంకులో దాని మీద లోన్ అడగండి, మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. మూడు రూపాయల వడ్డీకి మాత్రం వద్దమ్మా, లక్షకి నెలకి మూడు వేలు, ఏడాదికి 36 వేలు, ఆ అప్పు నాయన పోయాక కూడా మీ నెత్తి మీదే ఉంటుంది. పొలం కూడా అంతే, అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాడు సగం ధరకి అడుగుతాడు. అమ్మడానికి బదులు నాయన తెలివిగా ఉన్నప్పుడే ఆయన మనసులో ఏముందో అడిగి వీలునామా రాయించండి, ఇద్దరు సాక్షుల ముందు ఆయన సంతకం చేసి, వాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టిస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. అడగడానికి నోరు రాదు, తెలుసు. మా అమ్మని అడగడానికి నాకు నెల పట్టింది, అడిగాక ఆమే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

నాయన పేరు మీద ఎల్ఐసీ పాలసీ ఏదన్నా ఉంటే ప్రీమియం ఆపొద్దు, ఈ గొడవలో మర్చిపోయి ల్యాప్స్ చేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. బ్యాంకు అకౌంట్లో, పాలసీలో నామినీ ఎవరో ఈ వారమే చూడండి.

నర్సమ్మ మొదటి రోజు వచ్చేటప్పుడు మీరు స్కూల్లో సగం పూట సెలవు పెట్టి ఇంట్లో ఉండండి, అమ్మని పక్కనే కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకంలో ఆమె చెప్పినవన్నీ రాసుకోండి. రాత్రి ఇబ్బందైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆమెనే అడిగి ఆ నెంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆ రాత్రి ఊరామెని రమ్మని, అమ్మని పక్క గదిలో పడుకోబెట్టండి.